తడిక మీద బొట్టు

"ఇంకోసారి చెప్పు," అన్నాడు మిల్లు యజమాని తమ్ముడు భాస్కరరావు.

వీధరుగు కింద నిలబడ్డ ఇంజను డ్రైవరు తవిటయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇనపతడిక ఎప్పుడూ పెద్ద సక్రానికి అడ్డంగా బిగించే ఉండీది బాబూ. ఆ పొద్దు వరహాలు ఎవుల్నీ అడక్కండా తనకి తనే ఇప్పీసినాడు. నాను ఇంజను కాడ ఉన్నాను. సూణ్ణేదు."

"ఎందుకు విప్పాడు?"

"సమురు పెట్టడానికి."

"అదీ. పూజ అన్న మాట నీ నోట రాకూడదు."

"రాదు బాబూ." తవిటయ్య కాసేపు తన కాళ్ళ వంక చూసుకున్నాడు. "గానీ, సక్రానికి సమురు పెట్టీది నాను కదా. వరహాలు హల్లరులో దాన్యం పోసీవోడు కదా."

"ఆ సంగతి చెన్నపట్నం నుంచి వచ్చే ఇనస్పెక్టరుకి ఏటి తెలుసు?"

"ఆరికి తెల్దు. నాకు తెలుసు. అదే వచ్చిన సిక్కు."

లోపల చేటలో బియ్యం ఏరుతున్న సరస్వతి చేతులు ఆగాయి. ఆ బియ్యం తమ మిల్లులో ఆడించినవే. నూక తక్కువని పలాస, కాశీబుగ్గల్లో వాటికి మంచి పేరు. ఇప్పుడా మిల్లు మూతపడి ఉంది. వరహాలు కుడిచెయ్యి చక్రం మీది తోలుపట్టాలో పడిన పొద్దుటి నుంచి ఇంజను మళ్ళీ కూయలేదు. ఆ పొద్దుటి నుంచే ఈ ఇంట్లో దేవుడి గదిలో దీపమూ వెలగలేదు.

ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా గోడ పట్టుకుని లేచి దీపం పెట్టిన మనిషి సరస్వతి. ఎందుకు మానేశావని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు చెప్పాలని ఆమెకు భయం. జవాబు వినాలని వాళ్ళకు భయం.

మధ్యాహ్నం జగదీశ్వరరావు భోజనానికి కూర్చున్నాడు. మొగుడి విస్తట్లో పప్పు వడ్డించి సరస్వతి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఇనస్పెక్టరు రేపు పొద్దుటి బండికి దిగుతాడట," అన్నాడు ఆయన, విస్తరి వంకే చూస్తూ. "మిల్లు చూసుకుని మధ్యాహ్నం బండికి బరంపురం వెళ్ళిపోతాడు. ఆ పూట గడిస్తే చాలు."

"తడిక బిగించీసారా?"

"నిన్ననే బిగించీసాం."

"విప్పిన తప్పు వరహాలు మీద పెట్టీస్తారా?"

"విప్పింది వాడి చెయ్యే కదా."

"విప్పమన్న నోరు నాది కదండీ."

ముద్ద కలుపుతున్న వేళ్ళు ఆగాయి. మళ్ళీ కలపసాగాయి. "పప్పులో ఉప్పు తగ్గింది," అన్నాడు జగదీశ్వరరావు.

ఆమె ఉప్పు తెచ్చి వేసింది. ఎంత వేసిందో చూసుకోలేదు.

పోయినేడు ఇదే ఇనస్పెక్టరు వచ్చి, ఇంజను నుంచి వడ్లు ఆడించే హల్లరుకి పట్టా తిప్పే పెద్ద చక్రాన్ని చూసి, దీనికి అడ్డం కట్టించకపోతే కేసు పెడతానని చెప్పిపోయాడు. కమ్మరి చేత ఇనపజాలీ చేయించి బోల్టులు వేసి బిగించారు. పనివాళ్ళు దాన్ని తడిక అన్నారు. అది పెట్టిన నెలలోనే పట్టా తెగింది. మన్యం వెళ్ళొచ్చిన జగదీశ్వరరావుకి చలిజ్వరం పట్టుకుని ఓ పట్టాన వదల్లేదు. సరస్వతికి రాత్రిళ్ళు ఒకటే ఆలోచన. ఇంత ఇంటికి అన్నం పెట్టే చక్రంలో ఉన్నది అమ్మవారు కాక మరెవరు? ఆ తల్లి ముఖానికి అడ్డం కట్టాం. కోపం రాకేం చేస్తుంది?

దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు తడిక తీయించింది. పూజ అయ్యాక వరహాలు మళ్ళీ బిగించబోతే, "ఉండనీరా, తల్లి ముఖం కళకళ్ళాడుతూంది. రోజూ ఇంజను వేసే ముందు నువ్వే బొట్టు పెట్టు," అని తన కుంకుమ భరిణె ఇచ్చింది. వరహాలు పొంగిపోయాడు. రోజూ స్నానం చేసి వచ్చేవాడు. చక్రం ముందు తలపాగా విప్పి ముంజేతి మీద వేసుకుని, దండం పెట్టి, బొట్టు పెట్టేవాడు. అమ్మవారి ముందు తలగుడ్డతో నిలబడకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. తనకే తోచింది.

ఆ పొద్దు స్టేషనులో వ్యాగను కాచుకుని ఉందని జగదీశ్వరరావు పెందలాడే ఇంజను వేయమన్నాడు. వరహాలు వచ్చేసరికి చక్రం తిరుగుతోంది. బొట్టు లేకుండా పని మొదలైందే అని అతను గాభరా పడ్డాడు. ఎప్పటిలాగే తలపాగా విప్పి చేతి మీద వేసుకుని వంగాడు. వేలాడే కొసను పట్టా లాక్కుంది. గుడ్డ వెనకే చెయ్యి.

టెక్కలి ఆసుపత్రిలో నాలుగు వేళ్ళూ తీసేశారు. బొటనవేలు ఒక్కటి మిగిలింది.

"మీరూ చూసేరు కదండీ," అంది సరస్వతి, మజ్జిగ పోస్తూ. "దసరా నుంచి తడిక గోడకి చేరేసి ఉంది. రోజూ మీ కళ్ళముందే ఉంది."

"చూసేను. పూజ అన్నావు. ఊరుకున్నాను."

"పూజ కాబట్టి ఊరుకున్నారా, బోల్టులు విప్పి బిగించీ పని తప్పిందని ఊరుకున్నారా?"

జగదీశ్వరరావు చెయ్యి కడిగేసుకున్నాడు. మజ్జిగ అలాగే ఉండిపోయింది.

భాస్కరరావు గుమ్మంలోకి వచ్చాడు. బరంపురంలో ప్లీడరు దగ్గర కొన్నాళ్ళు గుమాస్తాగా ఉండి వచ్చిన మరిది. ఇంట్లో చట్టం మాట అతనిదే.

"వదినా, ఇలా విను. యంత్రానికి అడ్డం లేకపోతే తప్పు యజమానిది. అన్నయ్య టెక్కలి కోర్టులో బోనెక్కాలి. పనివాడికి నష్టపరిహారం కూడా ఇవ్వాలి. అదే, ఉన్న అడ్డాన్ని పనివాడు బుద్ధిపూర్వకంగా తీసీసాడనుకో, వాడికి పరిహారం లేదు. అన్నయ్య మీద కేసూ నిలవదు. కొత్త చట్టంలో స్పష్టంగా ఉంది."

"తీయమని ఒకరు చెప్తే తీసినవాడి సంగతి ఏటి రాసి ఉంది?"

భాస్కరరావు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "అందుకే కదా చెప్పినట్టు ఎవరికీ తెలియకూడదంటున్నాను."

"తాలూకా బోర్డుకి నిలబడదామని ఊళ్ళన్నీ తిరుగుతున్నాను," అన్నాడు జగదీశ్వరరావు, తుండుగుడ్డతో మూతి తుడుచుకుంటూ. ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఉద్దానంలో ఎవడి నోట విన్నా ఇదే మాటవుతుంది. పెళ్ళాం చెప్పిందని యంత్రం విప్పీసి కూలోడి చెయ్యి తీయించీసాడంటారు. నువ్వు తలెత్తుకుని వీధిలోకి వెళ్ళగలవేటి? వరహాల్ని నేను గాలికొదిలీసానా? సోంపేట కొబ్బరితోటకి కాపలా పెడతాను. గింజలు పంపుతాను. వాడు పస్తుండడు."

"మీకు మనసున్నన్నాళ్ళు."

"నా మనసు నీకు తెలీదేటి?"

తెలుసు. చెడ్డమనిషి అయి ఉంటే పోట్లాడటం తేలికయ్యేది.

ఎండ వాలుతుండగా పెరటి తలుపు దగ్గర అలికిడైంది. వరహాలు పెళ్ళాం దాలమ్మ. ఎప్పుడూ గొంతు ముందు వచ్చి తర్వాత మనిషి వచ్చే దాలమ్మ, ఈ రోజు చప్పుడు లేకుండా నిలబడింది. కొంగు ముడి విప్పి లక్కభరిణె తీసి గడప మీద పెట్టింది.

"ఇది మీదే కదా అమ్మగోరూ. ఆడి రొంటిని ఉండిపోయినాది. ఆసుపత్రిలో పంచి ఇప్పినప్పుడు నా సేతికిచ్చినారు. కడిగి తెచ్చినాను."

సరస్వతి భరిణె వంక చూసింది, ముట్టుకోలేదు. "కూచోవే దాలమ్మా."

"కూకోను. ఒక మాట అడిగీసి ఎల్లిపోతాను. కోప్పడరు కదా?"

"అడుగు."

"తడిక మీద ఎడితే అమ్మోరు బొట్టు పుచ్చుకోదేటి?"

సరస్వతి తలెత్తి దాలమ్మ ముఖంలోకి చూసింది.

"ఎటకారానికి కాదమ్మా, తెలీకే అడుగుతున్నాను," అంది దాలమ్మ. "మా ఇంటికాడ గవురమ్మ అంటే పసుపుముద్దే. రాయికెడతాం, గడపకెడతాం, కొత్త సీపురికీ ఎడతాం. ఎక్కడెట్టినా ఆ తల్లికే సేరుతాదనుకున్నాం. ఇనపతడిక ఒక్కదానికే సేరదేటి అని అనుమానమొచ్చినాది. ఆడ్ని అడిగితే అమ్మగోరికి తెలుసునే, నీకేటి తెలుసు అన్నాడు. అందుకని మీకాడికే వచ్చినాను."

"నాకూ తెలీదే," అంది సరస్వతి. "తెలుసుననుకున్నాను."

దాలమ్మ తల ఊపింది. ఆ జవాబుతో ఏం చేయాలో ఆమెకూ తెలిసినట్టు లేదు.

"వరహాలు ఏటంటున్నాడు?"

"ఆడా? రేపు నానే తీసినానని సెప్పీత్తాడట. దొరల ముందు అమ్మోరి పేరెత్తకూడదట, అమ్మగోరి పేరూ ఎత్తకూడదట. ఎర్రిబాగులోడు. అన్నం ముద్ద నాను నోట్లో ఎడితే తింటన్నాడు, మాటలు మాత్రం మారాజు మాటలు." దాలమ్మ మూతి చివర నవ్వులాంటిది వచ్చి పోయింది. "మీ మరిది సినబాబు వచ్చి కొబ్బరితోట కాపలా ఇత్తామన్నారు. మంచిదే. మిల్లు బుగతోరు ఇచ్చినన్నాళ్ళు తింటాం. ఆరికి కోపమొచ్చిన్నాడు మానేత్తాం. ఆ తడిక ఏదో బిగించీ ఉంటే, ఆడి సేత్తో ఆడు తినీవోడు. అంతే కదమ్మా."

"నా మీద కోపంగా ఉందా?"

"తెల్దమ్మా. ఇంకా సూసుకోనేదు. తీరిక లేక."

కొంగు బిగించుకుని దాలమ్మ వెళ్ళిపోయింది. గడప మీద భరిణె ఉండిపోయింది. దీపాల వేళయింది. సరస్వతి దేవుడి గది తలుపు తీసింది. నీలమణి దుర్గమ్మ పటం ముందు ప్రమిద ఎండిపోయి ఉంది. తల్లీ, అడ్డం కట్టామని నువ్వు అలిగావా? లేక నువ్వు అలిగావని నేనే అనుకున్నానా? పటంలో తల్లి ఎప్పటిలాగే చూస్తోంది. కోపమని చెప్పడానికి లేదు, లేదని చెప్పడానికీ లేదు. సరస్వతి నూనె పోయకుండానే తలుపు మూసి వచ్చింది.

తెల్లవారి మగవాళ్ళు స్టేషనుకి వెళ్ళాక ఆమె తలారా స్నానం చేసి, గడప మీది భరిణె తీసి కుంకుమ నింపుకుని, పాలేరు చేత బండి కట్టించింది. మిల్లు కట్టిన ఇన్నేళ్ళలో పండగపూజకి తప్ప ఆ గేటు దాటి ఎరగదు. బండివాడు వెనక్కి తిరిగి చూశాడు గానీ ఎక్కడికని అడగలేదు.

మిల్లులో ఊక వాసన చల్లారిపోయి ఉంది. పనివాళ్ళు గోడవారగా నిలబడ్డారు. వరహాలు ఒక ధాన్యం బస్తా మీద కూర్చున్నాడు. చేతికి తెల్లటి కట్టు, తలకి తలపాగా. పక్కన నేల మీద దాలమ్మ. ఇనస్పెక్టరు నడివయసు మనిషి. కోటు వేసుకుని, చంకలో గొడుగు పెట్టుకుని తడికను చేత్తో ఊపి చూస్తున్నాడు.

వదినను చూడగానే భాస్కరరావు గబగబా వచ్చాడు. "ఇక్కడికెందుకు వచ్చావు? బండెక్కు."

"బొట్టు పెట్టి వెళ్తాను."

"ఇప్పుడా?"

"ఎప్పుడూ ఇంజను వేసే ముందే కదా పెడతారు."

అటు ఇనస్పెక్టరు అడుగుతున్నాడు. "ఈ అడ్డం విప్పిందెవరు?"

"నానే బాబూ," అన్నాడు వరహాలు, లేచి నిలబడి.

"ఎవరైనా విప్పమన్నారా?"

"ఎవులూ అన్నేదు."

"మరెందుకు విప్పావు?"

"సమురుకి."

తవిటయ్య పైకప్పు రేకుల వంక చూశాడు. ఇనస్పెక్టరు కట్టుకట్టిన చెయ్యి వంక కాసేపు చూసి, "ఇలా అంటే నీకు పైసా రాదు. తెలుసా?" అన్నాడు.

"తెలుసు బాబూ."

దాలమ్మ కళ్ళు నేల మీదే ఉన్నాయి.

"సరే, ఒకసారి ఇంజను వేయండి. అడ్డం పెట్టాక పట్టా ఎలా నడుస్తుందో చూస్తాను."

తవిటయ్య కదల్లేదు. జగదీశ్వరరావు, "వెయ్యరా," అన్నాడు. అయినా కదల్లేదు.

"ఏమయ్యా, బాగులేదా ఇంజను?" అన్నాడు ఇనస్పెక్టరు.

"ఇంజను బాగానే ఉన్నాది బాబూ. బొట్టు పెట్టనేదు." అలవాటుగా అనేసి తవిటయ్య నాలుక కరుచుకున్నాడు.

గోడవారనున్న వాళ్ళంతా ఒక్కసారి సరస్వతి వంక చూశారు. ఆమె కొంగు భుజం నిండా కప్పుకుని ముందుకు నడిచింది. చక్రం ముందు నిలబడింది. జాలీ వెనక చక్రం మీద కుంకుమ పొరలుపొరలుగా గట్టిపడి ఉంది. పైపొర మీద ఒక పక్కగా చెదిరిన మరక. అది కుంకుమో కాదో ఆమె చూడదలచుకోలేదు.

భరిణె తెరిచింది. ఉంగరపు వేలు కుంకుమలో అద్ది, తడిక మీద బొట్టు పెట్టింది. ఇనుముకి నూనె జిడ్డు ఉంది. అయినా బొట్టు నిలిచింది.

ఇంతేనా తల్లీ, అనుకుంది. ఇంత తేలికా.

ఇనస్పెక్టరు దగ్గరికి వచ్చి జాలీలోంచి లోపలికి చూశాడు. ఒక కన్నంలో వేలు పెట్టబోయాడు. పట్టలేదు.

"అమ్మా, రోజూ బొట్టు ఇక్కడే పెడతారా?"

"ఇక్కడేనండీ," అన్నాడు భాస్కరరావు.

"నేను ఆవిణ్ణి అడిగాను. చక్రం మీద అంత కుంకుమ ఉంది. ఈ కన్నాల్లో వేలు పట్టదు. మరి అది ఎలా పెట్టారు?"

సరస్వతి మొగుడి వంక చూడలేదు. చూస్తే ఆగిపోతుందని తెలుసు.

"తడిక తీసి పెట్టేవాళ్ళం బాబూ. దసరా నుంచి అది గోడకే చేరేసి ఉంది. తీసింది వరహాలు చెయ్యి. తీయించింది నేను. మళ్ళీ బిగించవద్దన్నదీ నేనే. వాడు సమురు కోసం వెళ్ళలేదు. నేను పెట్టమన్న బొట్టు పెట్టడానికి వెళ్ళాడు."

మొగుడు కోప్పడతాడని ఆమె ఎదురుచూసింది. అందరి ముందూ అరిచినా పడదామని గుండె రాయి చేసుకుని వచ్చింది. జగదీశ్వరరావు అరవలేదు. ఎంతో మర్యాదగా, కాస్త జాలిగా, ఇనస్పెక్టరుతో అన్నాడు.

"ఏవీ అనుకోకండి. మా ఆవిడకి మనసు బాగులేదు. వాడికి అలా అయిన్నాటి నుంచి మనిషి మనిషిలా లేదు. ఇంట్లో దీపం కూడా పెట్టడం లేదు. మా తమ్ముణ్ణి అడగండి. ఆవిడ మాట పట్టుకోకండి."

భాస్కరరావు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

సరస్వతి చేతిలోని భరిణె మూత బిగించింది. దేవుడి గదిలో తనకీ తల్లికీ మధ్య జరిగినదాన్ని ఈయన తెచ్చి ఈ ఊకలో పోశాడు. అబద్ధం కూడా కాదు. దీపం పెట్టని మాట నిజమే.

ఇనస్పెక్టరు ఆమె వంకా ఆయన వంకా చూశాడు. తర్వాత బస్తా దగ్గరికి నడిచాడు.

"ఇదిగో, వరహాలూ. నువ్వొకటి చెప్పావు, ఆవిడ ఒకటి చెప్పింది. నీ మాట మీదే నేను రాసుకుంటాను. ఆవిడ చెప్పింది నిజమా? లేక ఆవిడకు నిజంగానే మనసు బాగులేదా?"

వరహాలు లోపల లెక్క వేసుకున్నాడు. తన మాటే నిజమంటే అమ్మగారు పిచ్చిదవుతుంది. ఆమె మాట నిజమంటే బుగత బోనెక్కుతాడు. అతను జగదీశ్వరరావు వంక చూశాడు. ఆయన తల తిప్పుకున్నాడు. సరస్వతి వంక చూశాడు. ఆమె తల తిప్పుకోలేదు. చివరికి తడిక మీద తడిగా మెరుస్తున్న ఎర్రటి బొట్టు వంక చూస్తూ నిలబడ్డాడు.

రోజూ చక్రం ముందు వెళ్ళినట్టే, అతని ఎడమచెయ్యి మెల్లగా తలపాగా మీదికి వెళ్ళింది.

ఒంటిచేత్తో ముడి రాలేదు. లాగాడు, ఇంకా బిగిసింది. గోడవారనున్న వాళ్ళలో ఎవరూ కదల్లేదు.

దాలమ్మ లేచి, మొగుడి తలపాగా ముడి విప్పింది.